కొండకు వెళ్ళే బస్సు - కిడ్నీల సంగతి

ప్రశ్న: మాది హరిశ్చంద్రపురం. మావారికి 50 ఏళ్ళు, నాకు 44. మావారికి బ్లడ్ ప్రెషర్ వుంది. రోజుకొక మాత్ర వేసుకుంటారు. రోజూ నడవమని డాక్టరుగారు చెప్పారు గాని, లారీల మధ్య నడవడం ఇష్టం లేక మానేశారు. మా పిల్లలు "సెలవు రోజుల్లో బస్సెక్కి ఏదో ఒక కొండకు వెళదాం, శివరాత్రికి మహేంద్రగిరి ఎక్కుదాం" అంటున్నారు. మా ఆడపడుచు భర్త వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో పని చేసేవారు. రెండేళ్ళుగా డయాలిసిస్ చేయించుకుంటున్నారు. ఎండలో కష్టపడి చెమటోడ్చబట్టే ఆయన కిడ్నీలు పోయాయని ఊళ్ళో అనుకుంటారు. అది విన్న దగ్గర్నుంచీ మా అత్తగారు "కొండా వద్దు, గిండా వద్దు" అని పట్టుబట్టి కూర్చున్నారు. మేము కొండలెక్కవచ్చునా? - ఒక సోదరి, హరిశ్చంద్రపురం.

జవాబు: అమ్మా, ఒక్క మాటలో చెప్పమంటే - ఎక్కవచ్చు, తప్పకుండా ఎక్కండి. కాని ఆ ఒక్క మాటతో సరిపెడితే మీ అత్తగారికి అన్యాయం చేసినట్లవుతుంది. ఆవిడది వట్టి చాదస్తం కాదు. ఇంట్లో ఒక మనిషి డయాలిసిస్ మీద వున్నప్పుడు ఏ తల్లికయినా ఆ భయం వుంటుంది. అంచేత సంగతి కాస్త విడమరిచి చెబుతాను. ఇది మీకే కాదు, టెక్కలి, పలాస, సోంపేట చుట్టుపట్ల వున్న పాఠకులందరికీ పనికివస్తుంది.

కిడ్నీలను దెబ్బ తీసేది కొండా కాదు, నడకా కాదు. ఒంట్లో నీరు ఇంకిపోవడం, మండుటెండలో ఒళ్ళు కాగిపోవడం, ఆపైన నొప్పులకని ఒక బిళ్ళ మింగడం - ఈ మూడూ ఒకే రోజున కలిసిరావడం ప్రమాదం. కొండ ప్రయాణంలో ఈ మూడూ కలిసే అవకాశం ఎక్కువ. అవి కలవకుండా చూసుకుంటే, డబ్బు ఖర్చు లేని ఇంత మంచి వ్యాయామం మరొకటి దొరకదు.

కొండ నడకతో లాభమేమిటి?

చదునైన నేల మీద నడిచేటప్పుడు శరీరం ముందుకు మాత్రమే జరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒంటి బరువంతా ప్రతి అడుగుకూ పైకి లేవాలి. ఆ పని తొడల కండరాలు, పిరుదుల కండరాలు చేస్తాయి. అవి మన ఒంట్లో అన్నిటికంటె పెద్ద కండరాలు. వాటికి రక్తం ఎక్కువ కావాలి కాబట్టి గుండె గట్టిగా కొట్టుకుంటుంది, ఊపిరి నిండుగా ఆడుతుంది. కొన్ని వారాల పాటు క్రమం తప్పకుండా నడిస్తే, అదే పనిని గుండె తక్కువ శ్రమతో చేయడం అలవాటు చేసుకుంటుంది. రక్తపోటు కొంత దిగుతుంది. కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి గనుక మధుమేహం వున్నవారికీ మేలే.

అయితే ఒక హెచ్చరిక. నెలకొకసారి కొండెక్కి, మిగతా 29 రోజులూ కుర్చీలో కూర్చుంటే ఫలితం లేదు. వారానికి 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో నడక వంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అంటే వారంలో 5 రోజులు, రోజుకు అరగంట. లారీల రోడ్డు వద్దనుకుంటే చెరువు గట్టు వుంది, పొలం గట్టు వుంది. మావారికి వీలు కాదంటారేమో, మీరు ముందు బయలుదేరండి, ఆయనే వెనకాల వస్తారు!

ఉద్దానం జబ్బు

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు - ఈ మండలాల్లో కొన్ని దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు మనుషులను పీడిస్తున్నది. మామూలుగా కిడ్నీలు చెడిపోవడానికి మధుమేహం, రక్తపోటు ముఖ్య కారణాలు. ఉద్దానంలో మాత్రం ఆ రెండూ లేని నడివయస్సు రైతులకూ, కూలీలకూ కూడా వస్తున్నది. నీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, వంశపారంపర్యం, ఎండలో శ్రమ, నొప్పుల బిళ్ళలు - వీటన్నిటినీ పరిశోధకులు అనుమానించారు. ఇదే ఏకైక కారణమని దేని మీదా రుజువు కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నీటిని ఉద్దానం ఊళ్ళకు అందించే మంచినీటి పథకం కూడా అప్పుడే మొదలైంది.

ఈ రకం జబ్బు మన దగ్గరే కాదు, శ్రీలంకలో వరి రైతుల్లోనూ, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా దేశాల్లో చెరకు నరికే కూలీల్లోనూ వుంది. ఆ చెరకు తోటల్లో కొన్నిచోట్ల ఒక పద్ధతి పెట్టారు. కూలీలకు తాగేనీరు చేతికందే దూరంలో వుంచడం, నీడకు గుడారాలు వేయడం, పని మధ్య గంటల లెక్కన విశ్రాంతి ఇవ్వడం. నీళ్ళు, నీడ, విశ్రాంతి - అంతే! ఈ పద్ధతిని సరిగ్గా అమలుపరచిన చోట కోత రోజుల్లో కిడ్నీలకు తగిలే దెబ్బ తగ్గింది. దీన్నిబట్టి చూడండి. కష్టపడటం తప్పు కాదు. నీళ్ళూ, నీడా, విశ్రాంతీ లేకుండా కష్టపడటం తప్పు. కొండ నడకకూ ఇదే సూత్రం.

జేబులో వున్న శత్రువు

కొండ దిగి వచ్చిన సాయంత్రం పిక్కలు పట్టేస్తాయి. మోకాళ్ళు సలుపుతాయి. బస్టాండు ఎదురుగా మందుల షాపు వుంటుంది. "ఒళ్ళు నొప్పులకు ఒక బిళ్ళ ఇవ్వండి" అంటే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ - వీటిలో ఏదో ఒకటి చేతిలో పెడతారు. అది మింగి బస్సెక్కి నిద్రపోతారు. సరిగ్గా ఇదే చేయకూడని పని.

ఎందుకో చెబుతాను. కాలవలో నీరు తగ్గినప్పుడు రైతు ఏం చేస్తాడు? తూము తలుపు బాగా పైకెత్తి, వున్న నీటినే పొలానికి మళ్ళిస్తాడు. కిడ్నీ కూడా అదే చేస్తుంది. చెమట ఎక్కువగా పోయి ఒంట్లో నీరు తగ్గినప్పుడు, తన రక్తనాళాలను కొన్ని రసాయనాల సాయంతో వెడల్పు చేసుకుని, రక్తం అందేట్లు చూసుకుంటుంది. పైన చెప్పిన బిళ్ళలు నొప్పి తగ్గించేది ఆ రసాయనాలు తయారు కాకుండా ఆపడం ద్వారానే. అంటే కాలవలో నీరు లేని రోజున తూము తలుపు కూడా దించేసినట్లు! పొలం ఎండక ఏమవుతుంది? ఆరోగ్యవంతుడు ఒకసారి వేసుకుంటే కిడ్నీ చాలావరకు కోలుకుంటుంది. కాని లోలోపల జబ్బు మొదలైన కిడ్నీకి ఆ ఒక్క దెబ్బే పెద్దది కావచ్చు.

మరి నొప్పికేం చేయాలి? దిగుడులో తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. అందువల్ల వాటి నారల్లో సన్నని చిరుగులు పడతాయి. మర్నాడు, ఆ మర్నాడు వచ్చే నొప్పి అదే. అది జబ్బు కాదు. 3 నుంచి 5 రోజుల్లో దానంతట అదే పోతుంది. గోరువెచ్చని నీళ్ళ స్నానం, కొబ్బరినూనె మర్దన, ఇంట్లో అటూ ఇటూ మెల్లగా తిరగడం చాలు. మరీ భరించలేకపోతే 500 మిల్లీగ్రాముల పారాసెటమాల్ బిళ్ళ ఒకటి వేసుకోవచ్చు. లివరు జబ్బు వున్నవారు, మద్యం అలవాటు వున్నవారు అది కూడా డాక్టరునడిగే వేసుకోవాలి.

మీవారు రోజూ వేసుకునే బ్లడ్ ప్రెషర్ మాత్రను ప్రయాణం పేరుతో మానకూడదు. అయితే ఆ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేట్లు చేస్తాయి, కొన్ని కిడ్నీ రక్తనాళాల మీద పని చేస్తాయి. వాటికి నొప్పుల బిళ్ళ తోడైతే ప్రమాదం రెట్టింపవుతుంది. ఆయన మాత్ర ఏ రకమో, వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ రోజు ఏం చేయాలో మీ డాక్టరును ముందుగానే అడిగి వుంచుకోండి.

బయలుదేరే ముందు రెండు పరీక్షలు

కిడ్నీ జబ్బు దొంగలాంటిది. సగానికి పైగా పాడయ్యేదాకా మనిషికి తెలియదు. నొప్పి వుండదు, వాపు వుండదు. ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ఆల్బుమిన్ కూడా చాలామందికి తొలిదశలో అంతగా కనబడదు. అంచేత మూత్ర పరీక్ష ఒక్కటే చేయించుకుని "బాగానే వుంది" అనుకోవద్దు. రక్తంలో క్రియాటినిన్ ఎంత వుందో చూడాలి. ఇంట్లో కిడ్నీ రోగి వున్నారు కాబట్టి మీ కుటుంబంలో పెద్దవాళ్ళందరూ ఏడాదికొకసారి ఈ రెండు పరీక్షలూ చేయించుకోవడం మంచిది. కొండెక్కి వచ్చిన మర్నాడే మాత్రం వెళ్ళకండి. బాగా శ్రమ పడిన తర్వాత ఒకటి రెండు రోజులు ఆ అంకెలు పెరిగి కనిపించవచ్చు, లేనిపోని కంగారు.

ఇక గుండె మాట. నడుస్తుంటే రొమ్ములో పట్టేసినట్లుండటం, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకడం, రెండో అంతస్తు మెట్లెక్కేసరికి ఆగిపోవలసి రావడం - ఇవి వున్నవారు డాక్టరుకు చూపించుకోనిదే కొండ జోలికి పోకూడదు.

మూడు మెట్లు

మహేంద్రగిరి ఎత్తు 1500 మీటర్ల పైన. మొదటిసారే దాని మీదికి పోవడం ఒకటో తరగతి చదవకుండా పదో తరగతి పరీక్షకు కూర్చోవడం వంటిది. బస్సు సాయంతోనే మూడు మెట్లుగా ఎక్కండి.

మొదటి మెట్టు మీ ఇంటికి దగ్గరే. టెక్కలి దగ్గర రావివలస ఎండల మల్లికార్జునస్వామి. రావణ యుద్ధం తర్వాత సుషేణుడనే వైద్యుడు ఇక్కడి సుమంచ పర్వతం మీద వుండి, మూలికలతో రోగులకు వైద్యం చేశాడని స్థలపురాణం చెబుతుంది. మన వృత్తి వారి క్షేత్రం కాబట్టి నాకు కొంచెం అభిమానం ఎక్కువ! స్వామికి పైకప్పు లేదు, ఎండలోనే వుంటాడు. మనం స్వాములం కాము, గొడుగు పట్టుకుని వెళ్ళాలి. టెక్కలిలో బస్సు దిగి, ఉదయం చల్లగా వుండగా రావివలస దాకా నడవండి. ఇలా మూడు నాలుగు వారాలు చేయండి. మీ అత్తగారిని కూడా బస్సులోనో ఆటోలోనో తీసుకురండి.

రెండో మెట్టు శాలిహుండం. వంశధార దక్షిణపు ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాల శిథిలాలున్నాయి. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చారు. శ్రీకాకుళం వెళ్ళి, అక్కడ గార వైపు వెళ్ళే బస్సుల వివరం అడగండి. చిన్న కొండ, పైన గాలి, కింద ఏరు. ఎక్కడం, దిగడం ఒంటికి అలవాటు కావడానికి ఇది చాలు. ఆయాసపడకుండా రెండుసార్లు ఎక్కి దిగగలిగితే మీరు మూడో మెట్టుకు తయారైనట్లు.

మూడో మెట్టు మహేంద్రగిరి. కొండ ఒడిశాలోని గజపతి జిల్లాలో వున్నా, మన వైపు వారు మందస మీదుగా వెళుతుంటారు. పైన భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి వున్నాయి. మీరు టెక్కలి, పలాస, మందస - ఇలా బస్సులు మారుతూ వెళ్ళాలి. ఒకే రోజున వెళ్ళి రావాలని పట్టుపట్టకండి. ముందురోజే పలాసలోనో మందసలోనో బంధువుల ఇంట దిగి, తెల్లవారి వెలుతురు రాగానే బయలుదేరండి. ఓ మాదిరిగా నడిచేవారికి 300 మీటర్ల ఎత్తు ఎక్కడానికి సుమారు గంట పడుతుంది. ఆ లెక్కన అడుగు నుంచి శిఖరానికి దాదాపు 5 గంటలు, మళ్ళీ దిగడం వేరే. అంత శక్తి లేదనుకుంటే ఒడిశా వైపు నుంచి పైకి రోడ్డు వుంది, బండిలో వెళ్ళి చివరి దూరం నడవవచ్చు. అందులో చిన్నతనం లేదు.

ఈ ఎత్తులో గాలి పలచబడి జబ్బు చేస్తుందేమోనన్న భయం అక్కర్లేదు. అలాంటి జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాకనే వస్తుంది. అయితే ప్రతి 1000 మీటర్లకూ సుమారు 6 డిగ్రీల చలి పెరుగుతుంది. కింద చెమటలు కక్కి పైకి వెళ్ళాక తడి బట్టలతో కూర్చుంటే వణుకు పుడుతుంది. పొడి చొక్కా, దుప్పటి సంచిలో వుండాలి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. మార్చి నుంచి జూన్ వరకు పగటి పూట ఎక్కవద్దు. మనది సముద్రపు గాలి, తేమ ఎక్కువ. చెమట కారుతుందే గాని ఆరదు. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది.

శివరాత్రి నాడు ఎక్కేవారికి ఇంకో మాట. పచ్చి మంచినీళ్ళయినా ముట్టకుండా ఉపవాసం, రాత్రంతా జాగరణ, మధ్యలో కొండ - ఈ మూడూ ఒక్క రోజున పెట్టుకోకండి. నీళ్ళు, మజ్జిగ, పళ్ళు తీసుకుంటే శివుడికి కోపం రాదు. మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు ఉపవాసంతో కొండెక్కనే కూడదు. మామూలు రోజున ఎక్కినా జేబులో పటికబెల్లం వుంచుకోవాలి.

బస్సులో చేసే తప్పులు

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేకుండా ప్రయాణం దొరికింది. ఆడవాళ్ళు నాలుగు ఊళ్ళు చూడగలుగుతున్నారు, మంచిదే. కాని బస్సులో మరుగు సౌకర్యం లేదని చాలామంది స్త్రీలు బయలుదేరే ముందు నీళ్ళు తాగడం మానేస్తారు. రెండు మూడు గంటలు అలా ప్రయాణం చేసి, ఎండిన గొంతుతో కొండ మొదలుపెడతారు. ఎక్కేటప్పుడూ అదే భయంతో గుక్కెడు నీళ్ళతో సరిపెడతారు. కిడ్నీలకు చేటు, పైగా మూత్రంలో మంట, చలిజ్వరం. దీనికి సిగ్గుపడవలసింది ఏమీ లేదు. బస్సు మారే ప్రతి కాంప్లెక్సులోనూ మరుగుదొడ్డికి వెళ్ళి రండి. అవసరం వున్నా లేకపోయినా వెళ్ళండి. వెంటనే ఒక గ్లాసు నీళ్ళు తాగండి. కొండ మీద ఆడవాళ్ళు ఒకచోట ఆగుతామంటే మగవాళ్ళు విసుక్కోకుండా పది గజాలు ముందుకు పోయి నిలబడాలి. ఇది మీవారికీ, మీ అబ్బాయిలకూ చదివి వినిపించండి.

బస్సులో వాంతులయ్యేవారు ముందు వరసలో కూర్చుని దూరానికి చూడాలి. నూనె పూరీలు వద్దు, రెండు ఇడ్లీలు చాలు. దారిలో వాంతులైనవారు ఆ రోజు కొండెక్కకుండా కింద నీడలో వుండిపోవడం మంచిది. అప్పటికే ఒంట్లో నీరు పోయి వుంటుంది.

దిగగానే తిరుగు బస్సు ఎప్పుడో, చివరి బస్సు ఎప్పుడో కండక్టరునడిగి కాగితం మీద రాసుకోండి. చివరి బస్సుకు ముందు బస్సే మీ బస్సు అనుకోండి. అది 5 గంటలకైతే 3 గంటలకల్లా మీరు కొండ అడుగున వుండాలి. బస్సు పోతుందన్న కంగారులోనే మనుషులు నీళ్ళు తాగడం మరుస్తారు, పరుగున దిగి చీలమండలు మెలితిప్పుకుంటారు. శిఖరం అందినా అందకపోయినా అనుకున్న వేళకు వెనక్కి తిరగండి. కొండ ఎక్కడికీ పోదు.

ఎంత నీరు? ఏ నీరు?

బయలుదేరే ముందు రెండు గ్లాసులు. ఎక్కేటప్పుడు 20 నిమిషాలకొకసారి ఒక చిన్న గ్లాసు. గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు అన్నమాట. దాహం వేసేదాకా ఆగవద్దు. అలాగని లీటర్ల కొద్దీ ఉత్త నీళ్ళే తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తల తిరుగుతుంది, స్పృహ కూడా తప్పవచ్చు. అంచేత ఉప్పు వేసిన మజ్జిగో, చోడి అంబలో, ఓఆర్‌ఎస్ పొడి కలిపిన నీరో మధ్య మధ్య పట్టించండి. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి సుమా! పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో 6 చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. టీ చెంచాతో, పొంగు లేకుండా, సమంగా కొలిచి వేయాలి. కూల్‌డ్రింకులు దీనికి బదులు కావు.

సరిపడా తాగుతున్నారో లేదో మూత్రం రంగే చెబుతుంది. లేత ఎండుగడ్డి రంగులో వుంటే మంచిది. ముదురు పసుపైతే ఆగి, నీడన కూర్చుని, తాగాలి.

ఇదంతా కిడ్నీలు బాగున్నవారికి. మీ ఆడపడుచు భర్తగారి వంటి వారికి లెక్క వేరు. డయాలిసిస్ మీద వున్నవారు డాక్టరు చెప్పిన కొలత మించి నీళ్ళు తాగకూడదు. కొబ్బరి బోండాం అసలు వద్దు. అందులోని పొటాషియం పాడైన కిడ్నీ దాటి బయటికి పోలేక గుండెను ఆపేయగలదు. ఉద్దానంలో గుమ్మం ముందే కొబ్బరిచెట్టు వుంటుంది కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తున్నది.

ఎక్కడం - దిగడం

బస్సు దిగగానే ఎక్కడం మొదలుపెట్టకుండా పది నిమిషాలు చదునుగా నడవండి. ఎక్కేటప్పుడు పక్కవారితో మాట్లాడగలిగేట్లు వుండాలి, పాట పాడలేనట్లు వుండాలి. మాట కూడా తడబడితే వేగం ఎక్కువైనట్లు. గంటకు పది నిమిషాలు నీడన కూర్చోండి. దిగేటప్పుడు అడుగులు చిన్నవిగా, మోకాళ్ళు కొద్దిగా వంచి, పాదమంతా ఆనించి దిగాలి. చేతిలో వెదురు కర్ర వుంటే మోకాళ్ళ మీద బరువు తగ్గుతుంది. హవాయి చెప్పులతో ఎక్కవద్దు. నూలు మేజోళ్ళు, గట్టి అట్టవున్న కాన్వాసు బూట్లు చాలు. మధుమేహం వున్నవారు రాత్రి పాదాలు వెలుతురులో చూసుకోవాలి. బొబ్బ వుంటే చిదపకూడదు.

మన ప్రాంతంలో జీడితోటలు, కొండ వాలుల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. చీకటి విడవక ముందు, పొద్దు గూకాక నడవవద్దు. గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి. పాము కరిస్తే కోయవద్దు, పీల్చవద్దు, తాడు బిగించవద్దు. కాలు కదలకుండా కర్రకు కట్టి, మనిషిని మోసుకుని ఆసుపత్రికి చేర్చండి.

పాము కాటుకు, అజీర్తికి అని కొండ దారుల్లో నల్ల ఈశ్వరి వేరు, గాడిదగడపాకు వంటివి ఇస్తుంటారు. ఈ జాతి మొక్కల్లో కిడ్నీలను పాడు చేసే విషముంది. 1990 దశకం మొదట్లో బెల్జియంలో ఒళ్ళు తగ్గడానికని ఈ జాతి మూలిక కలిసిన మందు వాడిన స్త్రీలు ఎంతోమంది కిడ్నీలు పోగొట్టుకున్నారు. సుషేణుడు ఇచ్చాడంటే ఆయనకు మూలిక తెలుసు. మనకు తెలియనిది నోట పెట్టకూడదు.

ఇంటికి వచ్చాక

కొండకు వెళ్ళివచ్చిన నెలలోపు జ్వరం వస్తే, "నేను కొండ ప్రాంతానికి వెళ్ళి వచ్చాను" అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మలేరియాకు రక్త పరీక్ష చేస్తారు. ఒంటి మీద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు కనిపిస్తే అదీ చూపించండి. గడ్డిలోని సన్నని పురుగు కుట్టడం వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి అది గుర్తు. రెంటికీ మంచి మందులున్నాయి, ఆలస్యమే ముప్పు. సవరల భాష నేర్చుకోవడానికి ఈ కొండల్లో తిరిగిన గిడుగువారికే మలేరియా పట్టుకుంది. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. జ్వరాన్నీ తేలిక చేయకూడదు, మందునూ తేలిక చేయకూడదు.

ఈ కింది వాటిలో ఏది కనబడినా ఇంట్లో వుండవద్దు. 108కి ఫోను చేయండి, లేదా దగ్గరి ఆసుపత్రికి వెళ్ళండి:

- మాట తడబడటం, తికమక, ఒళ్ళు సలసల కాగటం. ఇది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా తడిగుడ్డతో తుడుస్తూ విసరండి. స్పృహ లేకపోతే నోట ఏమీ పోయవద్దు.
- రొమ్ము నొప్పి, విశ్రాంతిలో కూడా తగ్గని ఆయాసం.
- కాఫీ డికాషను రంగులో మూత్రం. కండరాలు అతిగా దెబ్బతిని వాటి రంగు మూత్రంలో దిగుతున్నదన్నమాట. కిడ్నీలకు ఇది తక్షణ ప్రమాదం.
- నీళ్ళు బాగా తాగినా 8 గంటల పాటు మూత్రం రాకపోవడం.

ఆసుపత్రిలో "దారిలో ఏమైనా బిళ్ళ వేసుకున్నారా?" అని అడుగుతారు. మనిషికి రెండు లీటర్ల నీరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, గొడుగు, పొడి చొక్కా, పటికబెల్లం, రోజూ వేసుకునే మాత్రలు, క్రియాటినిన్ రిపోర్టు నకలు - సంచిలో ఇవి వుండాలి. నొప్పుల బిళ్ళ వుండకూడదు. బయలుదేరే ముందురోజు రాత్రే మీవారి చొక్కా జేబు ఒకసారి వెతకండి.